చెయ్యి పడ్డ చోటు

ఐదో స్క్రూ ఇత్తడిది.

కన్నం మేస్త్రీ దాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని వెలుగు వైపు తిప్పి చూశాడు. ముందు తీసిన నాలుగూ ఉక్కువి, తుప్పు పట్టాయి. ఆరోది తీశాడు. అదీ ఇత్తడిదే. కారు నేల రేకు మీద గేరు లివరు మొదట్లో ఒక రబ్బరు తొడుగు ఉంటుంది. దానికి ఆరు స్క్రూలు. ఆరూ ఒకే రకానివి వెయ్యాలి. నాలుగు ఉక్కువి, రెండు ఇత్తడివి వేసిన మనిషి ఎవరో అతనికి తెలుసు. ఆ రోజు ఉక్కువి నాలుగే మిగిలాయి, సామాన్ల కొట్టు మూసి ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళ కిందటి మాట.

స్క్రూలు ఆరూ రేకు మూతలో వేసి, రబ్బరు తొడుగు ఊడదీశాడు. కింద కన్నం కనిపించింది. అరచెయ్యి పట్టేంత. మామూలుగా ఉండాల్సిన చోటికి బెత్తెడు వెనక్కి, సీటు వైపుకి ఒరిగి ఉంది. అంచులు ఆకురాయితో అరగదీసి ఉన్నాయి. వేలితో చుట్టూ తడిమాడు. ఎక్కడా గుచ్చుకోలేదు.

కారు కిందున్న గోతిలోకి దిగి, లివరు నుంచి గేర్‌బాక్సుకి వెళ్ళే రాడ్ల నట్లు విప్పుతుండగా, పైన ఆసామి గొంతు వినిపించింది. పాత కార్లు కొని, బాగుచేయించి, ప్రదర్శనలకి పంపే ఆసామి. అతని పక్కన షెడ్డు యజమాని. యజమాని మేస్త్రీకి బావమరిది, భార్య తమ్ముడు. గోతిలో ఉన్నవాడికి మనుషుల చెప్పులే కనిపిస్తాయి. ఆసామివి బూట్లు. బావమరిదివీ ఈమధ్య బూట్లే.

"చూశారా ఈ ఘోరం?" అన్నాడు ఆసామి. ఫోనుతో ఫొటోలు తీస్తున్న చప్పుడు. "స్టీరింగు పక్కన గేరుతో పుట్టిన బండి ఇది. ఎవడండీ దీనికి బొక్క పెట్టింది? పోనీ తిన్నగానైనా పెట్టాడా? సీటు కిందకి దూరిపోయాడు. కళ్ళు మూసుకుని కొట్టాడా ఏమిటి?"

"తాగి కొట్టుంటాడు సార్," అన్నాడు బావమరిది.

"చేతులు విరగ్గొట్టాలి ఇలాంటివాళ్ళకి."

"అప్పట్లో అంతే సార్. పిచ్చోడి చేతిలో రాయి, వీళ్ళ చేతిలో డ్రిల్లు."

ఇద్దరూ నవ్వారు. ప్రదర్శనలో న్యాయనిర్ణేతలకి ఒక ఫైలు ఇవ్వాలని ఆసామి చెప్పాడు. పని మొదలుపెట్టక ముందు ఫొటో, అయ్యాక ఫొటో. ముందు ఫొటో కింద ఏం రాయాలో కూడా అప్పుడే అనుకున్నాడు. "ఎవరో చేతకానివాడు పాడుచేసిన నేల రేకు" అని రాస్తానన్నాడు. సాయంత్రం నాలుగింటికి మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు.

బూట్లు గుమ్మం దాటాక బావమరిది గోతి అంచున గొంతుక్కూచున్నాడు.

"బావా, ఇది నీ కన్నమే కదూ?"

"ఊఁ."

"బండి దించగానే పోల్చుకున్నాను."

"మరి తాగి కొట్టాడన్నావు?"

"ఏమనమంటావు? మా బావే కొట్టాడండీ అనమంటావా? ఇలాంటి బళ్ళు ఆయన దగ్గర ఇంకా నాలుగున్నాయి. నాలుగూ మనకే ఇస్తానంటున్నాడు. చెడగొట్టినవాడి చేతే బాగుచేయిస్తున్నానని తెలిస్తే మళ్ళీ ఈ గుమ్మం తొక్కుతాడా? నువ్వు నోరు విప్పకు. అంతే."

"నేను తాగను కదరా."

బావమరిది అటూ ఇటూ చూశాడు. "షెడ్డులో రా అనొద్దన్నానా బావా," అని లేచి వెళ్ళిపోయాడు.

మేస్త్రీ రెండో రాడ్డు విప్పాడు. నట్టు మొండికేసింది. కాస్త నూనె పోసి, అది దిగే దాకా కూచున్నాడు. గేరు మార్చే లివరు విడిపోయి చేతిలోకి వచ్చింది. మధ్యలో రెండు చోట్ల వంచిన లివరు. దాన్ని కొలిమి దగ్గర నిలబడి తనే వంచాడు.

ఆ కన్నం తప్పు చోట కొట్టింది కాదు.

ఈ కారు ఒక టీచరమ్మది. ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పేది. మెట్ల మీద పడి భుజం ఎముక విరిగింది. అతుక్కుంది కానీ వంకరగా అతుక్కుంది. గేరు వెయ్యాల్సిన చెయ్యి రొమ్ము దాటి పైకి లేచేది కాదు. స్టీరింగు పక్కనుండే లివరు అందదు. బడి ఇంటికి పద్దెనిమిది కిలోమీటర్లు. కారు అమ్మేసి ఇంట్లో కూచోమని ఇంటాయన అన్నాడు. ఆవిడ కారు తీసుకుని ఇక్కడికి వచ్చింది. రెండో గేరులోనే వచ్చింది, దారంతా.

అతను ఆవిడని డ్రైవరు సీట్లో కూచోబెట్టాడు. కళ్ళు మూసుకోమన్నాడు. చెయ్యి వదిలెయ్యమన్నాడు. అది ఎక్కడ పడిందో అక్కడ సుద్దముక్కతో గీత పెట్టాడు. దింపి, నాలుగడుగులు నడిపించి, మళ్ళీ కూచోబెట్టాడు. మూడుసార్లు. మూడు గీతలూ అంగుళం తేడాలో పడ్డాయి. ఎవరి కారుకైనా అతను అలాగే చేసేవాడు. కొలత కారుది కాదు, చేతిది. మామూలుగా చెయ్యి పడే చోటు వేరు, ఆవిడ చెయ్యి పడిన చోటు వేరు. కన్నం అక్కడ కొట్టాడు. అక్కడ రేకు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి కన్నం ఒరిగింది. లివరు వంపు ఆ ఒరుగుడుకి సరిపోయింది.

పని అయ్యాక ఆవిడ కారుని వీధి చివరిదాకా తీసుకెళ్ళి, తిప్పుకుని వచ్చింది. వెనక్కి నడిపి షెడ్డు గోడ పక్కన పెట్టింది. "రివర్సు కూడా పడిందయ్యా," అంది. పందొమ్మిదేళ్ళు నడిపింది ఆ తర్వాత.

ఆ పందొమ్మిదేళ్ళ సంగతి ఫైల్లో ఉండదు. చేతకానివాడు అనే మాట ఉంటుంది. ఆ మాట ఒక్కటీ ఉండకూడదు. అతనికి కావలసింది అంతే. తన పేరు రాయక్కర్లేదు. కన్నం అక్కడెందుకు ఉందో రాస్తే చాలు.

అతను ఈ షెడ్డులో చేరిన కొత్తలో స్టీరింగు గేరుని అందరూ ముసలివాళ్ళ వ్యవహారం అనడం మొదలుపెట్టారు. లివరు మోకాలి పక్కన, నేల మీద నిలబడి ఉండాలి. లేకపోతే అది కారే కాదు. నేలకి కన్నం కొట్టి లివరు బిగించే పని చేతైనవాళ్ళు చుట్టుపక్కల ఇద్దరే. రెండోవాడు తొందరగా పోయాడు. ఇతను ఇరవయ్యేళ్ళలో రెండు వందల పైచిలుకు కార్లకి కన్నాలు కొట్టాడు. షెడ్డు అప్పుడు మామగారిది. పనివాడికి పిల్లనిచ్చాడు. కన్నాలేసేవాడికి పిల్లనిచ్చావేమిటయ్యా, ఇల్లు భద్రంగా చూసుకో అని చుట్టాలు మామగారిని ఏడిపించారు. పేరు అప్పుడే పడింది. పెళ్ళినాటికి బావమరిదికి ఎనిమిదేళ్ళు. తల్లి లేదు. అక్క దగ్గరే తిన్నాడు, అక్క దగ్గరే పడుకున్నాడు. అక్కకి పిల్లలు పుట్టలేదు. వాడే పిల్లవాడనుకున్నారు.

మామగారు పోయి ఆరేళ్ళయింది. షెడ్డు కొడుకు పేరున రాసి పోయాడు. అందులో అన్యాయం లేదని మేస్త్రీ అనేవాడు. గుమ్మం మీద కొత్త బోర్డు వచ్చింది. ఆ ఏడాది నుంచే బావమరిది గోతిలోకి దిగడం మానేశాడు. తెల్ల చొక్కా వేసుకుంటాడు. రోజులు కూడా ఆ ఏడాది నుంచే తిరగబడ్డాయి. పాత కార్లు పుట్టినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉండాలంటున్నారు. అరవై దాటిన వయసులో, కన్నాలు కొట్టిన చేత్తోనే కన్నాలు పూడుస్తున్నాడు. ఈ ఆరేళ్ళలో ముప్ఫై ఒకటి. అందులో తనవి ఇరవై ఆరు. మిగిలిన అయిదూ ఆ పోయినవాడివి. వాటిని పూడుస్తున్నప్పుడు అతనికి కాస్త ఇబ్బందిగా ఉండేది.

డ్రైవరు సీటు విప్పి వెనక గదిలో పెట్టి వచ్చాడు. కాగితం పరిచి కన్నం ఆకారం దించుకున్నాడు. అదే మందం రేకు మీద పెట్టి కత్తిరించాడు. ఇసుక సంచి మీద రేకుని పెట్టి కొయ్య సుత్తితో కొట్టాడు. పదేసి దెబ్బలకి ఒకసారి తీసుకెళ్ళి నేల వంపుకి ఆనించి చూశాడు. ఏడోసారికి కూచుంది. అతని భుజం పొద్దుటి నుంచి లాగుతోంది. ఇప్పుడు మోచేతి దాకా దిగింది. సుత్తి చెయ్యి కాదు, రెండోది.

రంగుల మేస్త్రీ బీడీ కోసం బయటికి వెళ్తూ ఆగాడు.

"నువ్వు తవ్విందేనటగా?"

"ఎవరు చెప్పారు?"

"మీ బావమరిది. నాకూ నోరు మూసుకోమని చెప్పాడులే." కూచుని రేకు వంపు చూశాడు. "శ్మశానంలో గోతులు తవ్వేవాడికైనా మధ్యలో ఎవడో ఒకడు వచ్చి పడుకుంటాడు మేస్త్రీ. నువ్వు ఊరికే తవ్వి ఊరికే పూడుస్తున్నావు."

"ఇందులో ఒకావిడ పందొమ్మిదేళ్ళు చెయ్యి పెట్టిందిరా."

"అదేదో ఆయనకి చెప్పరాదూ?"

మేస్త్రీ కళ్ళకి అద్దం పెట్టుకుని వెల్డింగు మొదలుపెట్టాడు. ముందు ఎదురెదురుగా నాలుగు చుక్కలు. వాటి మధ్య మరో నాలుగు. ఒకే వైపు అతుకు పెట్టుకుంటూ పోతే వేడికి రేకు మెలి తిరుగుతుంది. చుక్కకీ చుక్కకీ మధ్య చల్లారేదాకా ఆగాడు. తర్వాత గ్రైండరు పట్టాడు. తర్వాత ఆకురాయి. చివర్లో ఉప్పు కాగితం. ఒంటిగంటకి వేలితో తడిమాడు. ఎక్కడ మొదలైందో తనకే తెలియలేదు.

డబ్బా విప్పేసరికి భార్య ఫోను చేసింది.

"తిన్నావా?"

"తింటున్నా."

"భుజం ఎలా ఉంది?"

"ఉంది."

"ఉండక ఎక్కడికి పోతుంది? ఆసుపత్రికి పొమ్మంటే నీకు కాళ్ళు రావు."

"టీచరమ్మ కారొచ్చింది."

"వంకర చెయ్యి టీచరమ్మా? ఆవిడ పోయిందన్నారుగా."

"కారుంది. ఎవరో కొన్నాడు. కన్నం పూడ్చమన్నాడు. సాయంత్రం మళ్ళీ వస్తాడట. కొట్టినవాడు తాగుబోతన్నాడు. మీ తమ్ముడే అన్నాడులే ముందు."

"మరి నువ్వేమన్నావు?"

"చెప్పొద్దన్నాడు."

"వాడెవడయ్యా చెప్పొద్దనడానికి? వాడికి స్పానరు పట్టుకోవడం నేర్పిందెవరు? ముక్కు తుడిచిందెవరు? నీకు దేవుడు నోరిచ్చింది కూడు తినడానికేనా?"

"నాలుగు బళ్ళు పోతాయట."

"పోతే పోనీ. నలభై ఏళ్ళు గోతిలో పడుకుని, ఇవాళ తాగుబోతన్న మాట మోసుకొస్తావా ఇంటికి? సాయంత్రం ఆయనొస్తాడు కదా. చెప్పు. ఇందుకని కొట్టాను, ఇదీ సంగతి అని చెప్పు. చెప్పకుండా ఇంటికి రాకు."

ఫోను పెట్టేసింది. అతను సగం తిని డబ్బా మూసేశాడు. చెప్పాలనుకున్నాడు. ఏం చెప్పాలో అప్పుడే కూర్చుకున్నాడు. అయ్యా, ఆ కన్నం నేనే కొట్టాను. ఆవిడ చెయ్యి అక్కడ పడింది. రెండే వాక్యాలు. మూడోది అక్కర్లేదు.

మధ్యాహ్నం నుంచి స్టీరింగు గేరు పని. ఆసామి ఇలాంటిదే మరో కారు నుంచి పాత లివరు, గొట్టం, రాడ్లు తెప్పించి ఇచ్చాడు. స్టీరింగు గొట్టం అడుగున రెండు చిన్న లివర్లు పక్కపక్కన ఉంటాయి. ఒకటి మొదటి గేరుకీ రివర్సుకీ. రెండోది మిగతా రెండు గేర్లకీ. ఒక్కోదాని నుంచి ఒక్కో రాడ్డు గేర్‌బాక్సుకి వెళుతుంది. రాడ్ల పొడవు సరిచేసేటప్పుడు రెండు లివర్లూ కదలకుండా న్యూట్రల్లో నిలబడాలి. అందుకని రెండింటికీ ఒక్కో రంధ్రం ఉంటుంది. రెండు రంధ్రాలూ ఎదురెదురుగా వచ్చినప్పుడు అందులోంచి పావంగుళం లావు పిన్ను దూరుస్తారు. పిన్ను ఉన్నంతసేపు గేరు పడదు. ఎంత లాగినా లివరు కదలదు. పని అయ్యాక మరిచిపోతే అంతే సంగతులు. అందుకే ఈ షెడ్డులో మామగారి నాటి నుంచి పిన్నుకి ఎర్రగుడ్డ కడతారు. పెట్టినవాడే తియ్యాలి. ఇంకొకడు ముట్టుకోకూడదు.

మేస్త్రీ పిన్ను దూర్చాడు. మొదటి రాడ్డు సరిచేసి నట్టు బిగించాడు. రెండోది సరిచేసి బిగించాడు. నట్ల మీద ఇంకో చుట్టు వేసి, పిన్ను మీద చెయ్యి వేసేసరికి పైన బూట్లు కనిపించాయి.

"బావా, పైకి రా. ఆయన ముందే వచ్చేశాడు, కారు నిలుపుతున్నాడు."

"అయిపోయింది. ఇది లాగి వస్తా."

"తర్వాత లాగొచ్చులే, ముందు రా. అక్క ఫోను చేసింది నాకు. అరగంట తిట్టింది. నువ్వు ఆయనకి చెప్తావట."

మేస్త్రీ గోతిలోంచి చూశాడు. బావమరిది వంగి ఉన్నాడు. మెడ మీద చెమట.

"చెప్తాను," అన్నాడు మేస్త్రీ.

"నీ కాళ్ళు పట్టుకుంటా బావా. ఇవాళొద్దు. నాలుగు బళ్ళూ లోపలికి రానీ, తర్వాత నేనే చెప్తా. మా అమ్మ మీద ఒట్టు. నువ్వు వెనక గదిలో కూచో. ఆయన వెళ్ళాక పిలుస్తా."

తల్లి మీద ఒట్టు అన్నప్పుడు మేస్త్రీకి ఎనిమిదేళ్ళవాడు కనిపించి ఉండాలి. గోతిలోంచి మెల్లగా ఎక్కాడు. ఎక్కడానికి బావమరిది చెయ్యిచ్చాడు. మెట్టు మీద ఒకసారి ఆగి ఊపిరి తీసుకున్నాడు. చేతులు తుడుచుకుంటూ వెనక గదిలోకి వెళ్ళాడు. బావమరిది తలుపు గడియ వెయ్యలేదు, దగ్గరికి లాగాడు.

గదిలో కూచోవడానికి పొద్దున తను విప్పి పెట్టిన డ్రైవరు సీటే ఉంది. అందులో కూచున్నాడు. తలుపు సందులోంచి మాటలు వినిపిస్తున్నాయి.

"ఇక్కడ కన్నం ఉండేదంటే ఎవరూ నమ్మరండీ!" ఆసామి నేల రేకు మీద గోటితో కొడుతున్నాడు. "అతుకేది? నాకు దొరకట్లేదు. ఎవరిదండీ ఈ చెయ్యి?"

"మన షెడ్డు పని సార్. ఏదో, మీ అభిమానం."

"ఈ చేతికీ, ఆ కన్నం కొట్టినవాడి చేతికీ ఎంత తేడా!"

"నక్కకీ నాకలోకానికీ సార్."

మేస్త్రీ లేచాడు. రెండు వాక్యాలూ నోట్లోకి వచ్చాయి. తలుపు దాకా రెండడుగులు. ఒక అడుగు వేసి గోడ పట్టుకున్నాడు. నొప్పి దవడలోకి ఎక్కింది. వెనక్కి వచ్చి కూచున్నాడు. కాసేపు కూచుని వెళదామనుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

ఆసామి వెళ్ళేసరికి అయిదైంది. మిగతా నాలుగు కార్లూ వచ్చే వారం పంపిస్తానన్నాడు. బావమరిది గుమ్మం దాకా వెళ్ళి సాగనంపి వచ్చి, "బావా, కుదిరింది," అని కేకేశాడు. జవాబు లేదు. అలిగాడనుకున్నాడు. టీ తెప్పించాడు. "బావా, టీ," అన్నాడు. గ్లాసు పట్టుకుని తనే లోపలికి వెళ్ళాడు. మేస్త్రీ తల సీటు వెనక్కి ఆనించి ఉన్నాడు. చెయ్యి పక్కకి జారి, వేళ్ళు నేలకి జానెడు ఎత్తున వేలాడుతున్నాయి.

షెడ్డు మూడు రోజులు మూశారు. మేస్త్రీ భార్య తమ్ముడితో మాట్లాడలేదు. ఎవరు పలకరించినా ఒకటే అంది. "చెప్పకుండా ఇంటికి రావద్దన్నాను. రాలేదు."

నాలుగో రోజు బావమరిది తనే సీటు తెచ్చి బిగించాడు. నేల మీద కొత్త తివాచీ పరిచాడు. బావ పని పూర్తిచేశాడనే అనుకున్నాడు. పదకొండింటికి ఆసామి వచ్చి, రెండు మంచి మాటలు చెప్పి, కారెక్కాడు. ఇంజను స్టార్టయింది. క్లచ్చు తొక్కి స్టీరింగు పక్క లివరు లాగాడు. కదల్లేదు. పైకి లాగాడు, కిందికి నొక్కాడు. కదల్లేదు. దిగి బావమరిదిని ఎక్కమన్నాడు. బావమరిది రెండు చేతులతో లాగాడు.

"ఏమిటండీ ఇది? గేర్‌బాక్సు పట్టేసిందా? ప్రదర్శన ఆదివారం!" అన్నాడు ఆసామి. "ఎవరు బిగించారు దీన్ని?"

బావమరిది తడుముకోలేదు.

"మా బావండీ. మొత్తం ఆయనే చేశాడు."

"ఆ పోయినాయనేనా?"

"ఆయనే సార్. ఇప్పుడు దాచి ఏం లాభం? అసలు మొదట్లో ఆ కన్నం కొట్టింది కూడా ఆయనే."

"ఆ ముక్క ముందే చెప్పాల్సింది," అన్నాడు ఆసామి. ఫోను తీసి ఇంకో షెడ్డువాళ్ళని లారీ తెమ్మన్నాడు. గేర్‌బాక్సు దింపి విప్పాలని వాళ్ళకి చెప్పాడు.

"ఓసారి కిందకి దిగి చూడకూడదూ?" అన్నాడు రంగుల మేస్త్రీ, బావమరిదితో.

బావమరిది గోతి వైపు చూశాడు. చొక్కా వైపు చూసుకున్నాడు. "దిగి ఏం చేస్తాను? ఆ పని ఆయనకే తెలుసు," అన్నాడు.

లారీ వచ్చేదాకా కారు గోతి మీదే ఉంది. గోతిలోకి దిగినవాడికి మొదట కనిపించేలా, స్టీరింగు గొట్టం అడుగున, రెండు లివర్ల రంధ్రాల్లో పిన్ను ఉంది. దాని కొసకి ఎర్రగుడ్డ కట్టి ఉంది.